‘వైర్లు కదపొద్దు’ అని నేను రాసిన చోటు

“మీ కంప్యూటర్ డబ్బాకు గూడ బొట్టు వెట్టిన మేడం. చూడుండ్రి, ఎట్ల మెరుస్తాందో.”

దసరా అయిన రెండో రోజు పొద్దున కమలక్క ఈ మాట అన్నప్పుడు నేను బ్యాగు కుర్చీకి తగిలిస్తున్నాను. హన్మకొండలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ లాబు అది. కమలక్క అక్కడ సీనియర్ టెక్నీషియన్, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను కంప్యూటర్లు చూసేదాన్ని. రెండు రోజుల సెలవు తర్వాత వచ్చాను. రక్తకణాలు లెక్కపెట్టే మిషన్లు రెండూ పసుపు కుంకుమలతో, బంతిపూల దండలతో ఉన్నాయి. మూలనున్న సర్వరు డబ్బాకు కూడా బొట్టు. నిజంగానే మెరుస్తోంది. రెండేళ్లుగా దాని వెనకాల పేరుకున్న దుమ్ము కూడా లేదు.

వెనకాల దుమ్ము లేదన్న సంగతి దగ్గర నా మనసు ఆగింది.

“అక్కా, వెనుక గూడ తుడిచిండ్రా?”

“అయ్యో, తుడువకుంట ఆయుధపూజ జేస్తమా? అన్ని వైర్లు పీకి, తడిబట్ట వెట్టి తుడిచి, ఆరినంక మళ్ల పెట్టినం.”

“ఏ వైరు ఏ దాంట్ల పెట్టిండ్రు?”

“ఎక్కడియి అక్కడ్నే. అయినా రెండు ఒక్క తీరు వైర్లే గద మేడం. ఏది ఎక్కడుంటే ఏమాయె?”

ఆ రెండు వైర్లూ తారుమారైతే ఒకరి రక్తం లెక్క ఇంకొకరి పేరు మీద అచ్చవుతుంది. డెంగీ కాలం. దసరా సాయంత్రం నుంచి ఆ పొద్దుటిదాకా లాబు నడుస్తూనే ఉంది. ఎన్ని రిపోర్టులు బయటికి పోయాయో అని లెక్క వేయబోయాను, వేయలేకపోయాను.

*రిటైర్మెంటు*

ముప్ఫై నాలుగేళ్లకు రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. మానేసిందని అంటారు. కొందరు తీసేశారని అంటారు, అదీ అబద్ధం కాదు. పన్నెండేళ్లు ఈ పని చేశాను. మొదటి అయిదేళ్లు హైదరాబాదులో, పెద్దపాప పుట్టాక వరంగల్‌లో. ఇక చేయను. అందుకే రిటైర్మెంటు అంటున్నాను.

ఈ మధ్య మా ఆయన పనిచేసే హసన్‌పర్తి కాలేజీ నుంచి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఫోన్ చేశారు. లైనక్స్ నేర్చుకున్నాం, దవాఖానల్లో, లాబుల్లో ఉద్యోగాలున్నాయట, ఎట్లుంటది మేడం అని. ఫోన్‌లో సగం చెప్పి ఆపేశాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, పిల్లలు పడుకున్నాక దొరికిన వేళలో.

జీతాలు, ప్రమోషన్ల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ‘ఐటీ మేడం’ అంటే ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే పిలిచే మనిషి. అంతవరకు నాకు బాధ లేదు. కంప్యూటర్ రూములో కూర్చుని నేను రాసే ఒక్క లైను, నేను ఎప్పుడూ చూడని మనిషి ఒంట్లోకి పోతుందని ఎవరూ చెప్పలేదు. కాలేజీలోనూ చెప్పలేదు, ఉద్యోగం ఇచ్చినవాళ్లూ చెప్పలేదు. నాకు నేను తెలుసుకోవాల్సింది, ఆలస్యంగా తెలుసుకున్నాను.

*మిషనుకు పేరు పెట్టడం*

పని తెలియనివాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

లైనక్స్ అనే వ్యవస్థ మీద నడిచే కంప్యూటరుకు బయటి నుంచి ఏ పరికరం తగిలించినా దాని కోసం ఒక ఫైలు పుడుతుంది. ఆ ఫైలును చదివితే పరికరం చెప్పేది వినబడుతుంది. దాన్ని డివైస్ ఫైలు అంటారు. మనం ఏమీ చెప్పకపోతే వాటికి వచ్చిన వరుసలో నంబర్లు పడతాయి, ముందు కనబడినదానికి సున్నా, తర్వాతదానికి ఒకటి. దవాఖానలో ఓపీ చీటీ లాగే. ఇవాళ మీకు మూడో నంబరు వచ్చింది కదా అని రేపు కూడా మూడే రాదు.

మా లాబులో రెండు మిషన్లు ఒకే కంపెనీవి, ఒకే మోడల్. ఒకదానిలో పక్కనున్న హాస్పిటల్ వార్డుల నుంచి వచ్చిన రక్తం పెట్టేవాళ్లు, రెండోదానిలో బయటివాళ్లది. రెండింటిలోనూ ప్రతిరోజూ ఒకటో నంబరు నుంచే మొదలు. అంటే వార్డుకు ఒక ముప్ఫై ఏడు ఉంటుంది, బయటికి ఒక ముప్ఫై ఏడు ఉంటుంది. ఏ ఫైలు ఏ మిషనుదో కంప్యూటరుకు సరిగ్గా తెలిస్తేనే ఏ లెక్క ఎవరిదో తెలుస్తుంది.

నేను చేరిన కొత్తలో ఒకసారి కరెంటు పోయి వచ్చాక సున్నా ఒకటైంది, ఒకటి సున్నా అయింది. అప్పట్లో ప్రతి మిషను పక్కనే చిన్న కాగితపు చీటీ అచ్చయ్యేది. కమలక్క చీటీని, రిపోర్టును పక్కపక్కన పెట్టి చూసి, “మేడం, ఈయనకు ఆమె రక్తం ఎక్కింది” అని పది నిమిషాల్లో పట్టుకుంది. ఆ రోజు నవ్వుకున్నాం.

దాని తర్వాతే నేను రూలు రాశాను. ఫలానా గుర్తు ఉన్న పరికరం వస్తే ఫలానా పేరుతో ఫైలు పుట్టించు అని చెప్పే రూలు. ఈ పని చూసే ప్రోగ్రాంను యూడెవ్ అంటారు. మిషనుకూ కంప్యూటరుకూ మధ్య అరచేతిలో పట్టేంత కన్వర్టరు ఒకటి ఉంటుంది. మంచి కన్వర్టరు అయితే ప్రతిదానికీ వేరు వేరు సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరును బట్టి ఒకదానికి ‘వార్డు’ అని, ఇంకోదానికి ‘బయట’ అని పేరు పెట్టాను. ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

అప్పుడు ఒక కన్వర్టరు కాలిపోయింది. మా మేనేజర్ నరేందర్ సారు చౌరస్తాలో ఏదో కొట్టుకు పోయి చవకవి రెండు తెచ్చాడు, “రెండు మార్చెయ్, జోడీ ఉంటది” అని. ఆ రెండింటి సీరియల్ నంబరు ఒకటే. అక్షరం తేడా లేదు. నా రూలు వాటిని విడదీయలేకపోయింది. వేరేవి తెప్పించమని అడిగాను.

“నడుస్తలేవా?” అన్నాడు ఆయన.

“నడుస్తయి సార్. కానీ ఏది ఏదో కంప్యూటరుకు తెల్వది.”

“నువ్వున్నవు గద చెప్పడానికి. దానికోసమే గద నీకు జీతం.”

చెప్పాను. వైరు డబ్బా వెనకాల ఏ రంధ్రంలో ఉంటే దాన్ని బట్టి పేరు పెట్టేలా రూలు మార్చాను. పై రంధ్రంలో ఉన్నది వార్డు, కింద రంధ్రంలో ఉన్నది బయట. పనిచేసింది. రూలు ఫైలులో పైన ఒక కామెంటు రాశాను: ఈ రెండు వైర్లు కదపొద్దు, కదిపితే రిపోర్టులు తారుమారవుతాయి. ఇంగ్లిషులో, నీటుగా.

కామెంటు అంటే కంప్యూటరు పట్టించుకోని లైను, మనుషుల కోసం రాసేది. ఆ ఫైలు తెరిచే మనిషిని ఆ లాబు మొత్తంలో నేనొక్కదాన్నే. అంటే ఆ హెచ్చరిక నాకు నేను రాసుకున్నాను. కమలక్కకు ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఏ కారణమూ లేదు. చెప్పాలని తోచలేదు, అంతే. వైర్లకు అంటించడానికి పేర్లు అచ్చువేసే చిన్న మిషను కావాలని నరేందర్ సారును రెండేళ్లు అడిగాను. మార్కరు పెన్నుతో నేనే రెండు గీతలు గీసి ఉండవచ్చు. ఆయన కొనలేదన్న కోపంతో అది కూడా చేయలేదు.

తర్వాత కాగితం దండగని ఆ చీటీలను కూడా ఆపేయించారు. కమలక్క కళ్లకు పని లేకుండా పోయింది.

*ముప్ఫై ఏడు*

ఆ పొద్దున నేను డబ్బా వెనక్కి వంగి చూశాను. పై రంధ్రంలోని వైరును చేత్తో పట్టుకుని గోడ వెంబడి పోయాను. అది బయటి మిషను దగ్గర తేలింది.

మిషన్లు తమ లెక్కలను కొన్ని రోజులపాటు లోపల దాచుకుంటాయి. నేను రిపోర్టు చదవడం, కమలక్క మిషను తెరమీది అసలు లెక్క చదవడం మొదలుపెట్టాం. మొదటిది కలవలేదు. రెండోది కలవలేదు. మూడోదానికి కమలక్క తెర మీంచి నా వైపు తల తిప్పింది.

“మేడం, నేనేనా ఇది జేసింది?”

“తర్వాత చూద్దామక్కా. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నయి ముందు చూడు.”

చాలావరకు చిన్న తేడాలే. కొందరిని అనవసరంగా భయపెట్టి ఉంటాం. ముందు రోజు ముప్ఫై ఏడో నంబరు దగ్గర కమలక్క చదవడం ఆపేసింది. పావని, ఎనిమిదేళ్ల పాప, బయటి నుంచి. మేం ఇచ్చిన రిపోర్టులో ప్లేట్‌లెట్లు లక్షా తొంభై ఆరు వేలు. మిషను లోపల ఉన్నవి పంతొమ్మిది వేలు.

ఆ పంతొమ్మిది వేలు వార్డులో ముప్ఫై ఏడో నంబరు తాతకు పోయాయి. ఆపరేషను అయి కోలుకుంటున్న మనిషి. అక్కడి డాక్టరు నమ్మలేదు, మళ్లీ రక్తం పంపించాడు. రెండోసారి ఇంకెవరిదో మామూలు లెక్క వచ్చింది. మిషను ఒకసారి తప్పు చూపిందని అందరూ అనుకున్నారు. తాతది కాకపోతే ఆ పంతొమ్మిది వేలు ఎవరివని ఒక్కరూ అడగలేదు. ఇంత చదువుకున్నవాళ్లం ఇంతమందిమి ఉండి.

నా కూతురికి ఏడేళ్లు. దానికి ఒళ్లు వేడిగా ఉందనిపిస్తే గంటకోసారి నుదురు తడిమి చూస్తాను. మా అత్త నవ్వుతుంది కూడా. ఆ పాప తల్లి కూడా రాత్రి నుదురు తడిమి ఉంటుంది. డెంగీలో జ్వరం దిగిపోయాకే అసలు భయం మొదలవుతుంది. చల్లగా ఉన్న నుదురు చూసి, చేతిలో మా రిపోర్టు చూసుకుని, నిమ్మళంగా పడుకుని ఉంటుంది.

కంప్యూటర్లో పేరు, వయసు, నంబరు మాత్రమే ఉన్నాయి. ఫోన్ నంబర్లు రాసిన చీటీలు ఫైలు కట్టి నరేందర్ సారు బీరువాలో పెడతారు.

*కాగితం*

నేను చెప్పిందంతా నరేందర్ సారు నిలబడే విన్నాడు. “ఆగు, పెద్దసారుకు చెప్త” అని బయటికి పోయాడు. పెద్దసారు అంటే లాబు ఓనరు, డాక్టరు. అప్పుడు ఊళ్లో లేడు. పది నిమిషాల్లో నరేందర్ సారు ఒక కాగితం పట్టుకుని తిరిగొచ్చాడు. లేబుల్ మిషను కొనడానికి రెండేళ్లు తీరిక దొరకని మనిషి పది నిమిషాల్లో నాలుగు లైన్లు టైపు చేయించుకొచ్చాడు.

వైర్లు కదపరాదని ఐటీ విభాగం రాతపూర్వకంగా హెచ్చరించినప్పటికీ సీనియర్ టెక్నీషియన్ కమల నిర్లక్ష్యంగా వాటిని తొలగించడం వల్ల పొరపాటు జరిగింది అని దాని సారాంశం. కింద నా పేరు.

“సార్, నేనెప్పుడు చెప్పిన ఆమెకు?”

“వైర్లు కదపొద్దని నువ్వు రాసినవా లేదా? నువ్వే అన్నవు ఇంతకుముందు.”

“రాసిన. అది రూలు ఫైల్ల సార్. నాకోసం రాసుకున్న ముక్క. కమలక్క ఎట్ల చదువుతది దాన్ని?”

“రాసినవు గద. మరి నేనేం అబద్ధం పెట్టిన దీంట్ల?”

“ముందు ఫోన్ నంబరియ్యుండ్రి సార్. పాపది పంతొమ్మిది వేలు.”

“ఇస్త. ఇయ్యనన్ననా? పెద్దసారు కాగితం అయినంకనే ఫోన్లు అన్నడు. రేపు ఏమన్న అయితే లాబు మీదికి రావద్దు గద. నాకు గూడ ఇద్దరు పిల్లలున్నరు స్వప్నా. నా మీద కోపం జేసి ఏం ఫాయిదా? సంతకం వెట్టు, ఫైలు తీస్కపో.”

గాజు తలుపు అవతల కమలక్క మిషను ముందు కూర్చుని మిగిలిన నంబర్లు ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కిస్తోంది. మెడలో బంతిపూల దండతో ఉన్న మిషను, దాని ముందు వంగిన కమలక్క వీపు. నేను సంతకం పెట్టాను.

పాప కోసం పెట్టానని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. సగం నిజం. బీరువా తాళం లాక్కోగలిగేదాన్ని. గట్టిగా అరిచి ఉంటే నలుగురూ వచ్చేవాళ్లు. పెన్ను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు పాపతోపాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది: ఈ కాగితంలో తప్పు నాది కాదు. ఆ ఆలోచన హాయిగా ఉంది. అది రాయకుండా ఈ మొత్తం రాయడం దండగ.

చీటీలో రెండు నంబర్లున్నాయి. ఒకటి పావని తండ్రి సమ్మయ్యది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఏటూరునాగారం దాటాక అడవిలో ఉండే ఊరు, సిగ్నల్ ఉండదు. రెండోది ఆ పాపను పట్నం తీసుకుపొమ్మని చీటీ రాసిన ఆర్‌ఎంపీ డాక్టరుది.

“సమ్మయ్య బిడ్డనా? నిన్న మంచిగనే ఉన్నదన్నరట గద మేడం. రిపోర్టు చూసి ఫికర్ లేదు, ఇంటికి తీస్కపో అన్నడట అక్కడి డాక్టరు.”

“ఆ రిపోర్టు ఆ పాపది కాదన్నా. తప్పుది. పంతొమ్మిది వేలే ఉన్నయి.”

“ఏందీ?”

“పంతొమ్మిది. జర ఇప్పుడే పోయి చూడుండ్రి, మీకు దండం పెడ్త.”

“నేను పోతాన. మీరు ఫోన్ దగ్గర్నే ఉండుండ్రి.”

ఆయన పోయి చూసి, సిగ్నల్ దొరికే రోడ్డు మీదికి వచ్చి మళ్లీ ఫోన్ చేసేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో నేను రెండు వైర్లూ మార్చి పెట్టాను, మార్కరుతో గీతలు గీశాను. ఒక నిమిషం పట్టింది దానికి.

“మేడం, చిగుర్లల్లకెళ్లి రక్తం వస్తాంది. కడుపు నొస్తాందని ముడుచుకున్నది పిల్ల. బండి మాట్లాడిన. బయలెల్లుతానం.”

*వరండాలో*

పొద్దు గూకకముందే వాళ్లు వరంగల్ పెద్ద దవాఖానకు చేరారు. నేను లాబు నుంచి నేరుగా అక్కడికే పోయాను. పాపను లోపలికి తీసుకుపోయారు, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారు. తల్లి లోపల ఉంది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడిన సమ్మయ్యను ఆర్‌ఎంపీ చూపించాడు.

“ఫోన్ జేసిన మేడం మీరేనా?” అన్నాడు సమ్మయ్య. వంగి కాళ్లకు మొక్కబోయాడు. నేను వెనక్కి జరిగాను. “నిన్న డాక్టరేమో ఇంటికి పొమ్మనె. మీరు అక్కడ కూసొని కనిపెట్టిండ్రు. మీరు ఫోన్ జెయ్యకపోతే నా బిడ్డ దక్కకపోతుండె మేడం.”

తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. రిపోర్టు తప్పని ఆర్‌ఎంపీకి తెలుసు, కానీ ఆయన నా వైపు చూసి ఊరుకున్నాడు. చెప్పాల్సింది నేనే అనుకున్నాడేమో. నేను అది చెప్పకుండా, లోపల డాక్టరు ఏమన్నాడని అడిగాను.

“చాయ్ తాగుతరా మేడం? పొద్దటిసంది తిరుగుతాండ్రు పాపం” అని సమ్మయ్య కిందికి పోయి రెండు కాగితం కప్పుల్లో చాయ్ తెచ్చాడు. ఒకటి నాకిచ్చాడు.

తాగాను. పన్నెండేళ్ల ఉద్యోగంలో నేను సిగ్గుపడే పనులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఆ చాయ్.

*తర్వాత ఏమైందో*

పావని బతికింది. తొమ్మిది రోజులు దవాఖానలో ఉంది. మూడో రోజు నేను పోయి సమ్మయ్యకు మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. “గట్లనా” అన్నాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

నేను సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు నాదని రాసిన రెండో కాగితాన్ని లాబు వాళ్లు తీసుకున్నారు. అందినట్టు మాత్రం ఎక్కడా రాసివ్వలేదు. కమలక్కను తీసేశారు. నన్ను మానేయమన్నారు. మానేస్తానని నేను ముందే చెప్పాను కాబట్టి అక్కడ గొడవేమీ లేదు. లాబు ఇప్పటికీ నడుస్తోంది, నరేందర్ సారు అక్కడే ఉన్నాడు. నా రూలు కూడా అక్కడే ఉండి ఉంటుంది, ఆ కామెంటుతో సహా.

కమలక్క ఇప్పుడు కాజీపేటలో ఒక చిన్న లాబులో తక్కువ జీతానికి చేస్తోంది. ఒకసారి కలిశాను. “సంతకం వెట్టేముందు ఆ తలుపు తీసి నన్నొక్క మాట అడిగుంటే అయిపోతుండె మేడం. పాప కోసం అయితే నేనే వెట్టమందును” అంది.

ఈ పనిలోకి రాబోయే అమ్మాయిలూ, మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే ఇది. సీరియల్ నంబరును నమ్మేముందు రెండు పరికరాలు పక్కపక్కన పెట్టి అవి వేరు వేరో కాదో చూడండి. రంధ్రాన్ని బట్టి పేరు పెట్టక తప్పకపోతే ఆ రంధ్రానికీ ఆ వైరుకూ ఒకే రంగు పూయండి. పూజ చేసేవాళ్లు, చీపురు పట్టేవాళ్లు, ఇంగ్లిషు చదవనివాళ్లు అందరూ చూసేలా. అన్నిటికంటే ముఖ్యం, డివైస్ ఫైలు పేరు చూసి ఎప్పుడూ నిశ్చింతగా ఉండకండి. మా మిషన్లు పంపే ప్రతి లెక్కలోనూ మొదటి లైనులో మిషను తన నంబరు తానే చెప్పుకుంటుంది. ఆ లైను నాకు అక్కర్లేదని కోసి పారేసే ప్రోగ్రాం రాసింది నేనే. దాన్ని చదివి సరిచూసి ఉంటే, కమలక్క వైర్లు ఎన్నిసార్లు పీకి పెట్టినా ఏమీ అయ్యేది కాదు. దండలేసి పూజ చేసినందుకు ఆమెను తప్పుపట్టినవాళ్లెవరూ నన్ను ఈ సంగతి అడగలేదు. అడగడానికి వాళ్లకు తెలియదు. తెలిసినదాన్ని నేను.

మేనేజర్లు చవకవే తెస్తారు. అది మారదు, దాని మీద కోపంతో మీ పని మానకండి. నేను మానాను. ఇంకోటి. మీ రాత కాగితంగా మారి ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసుకోండి. మంచిగా రాసుకున్నాననుకున్న ఒక్క లైను నన్ను కాపాడి కమలక్కను ముంచింది. నరేందర్ సారు అబద్ధం ఆడలేదు. అదే నాకు మింగుడు పడదు.

*మర్నాడు పొద్దున*

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. పెద్దది ఆద్య రెండో తరగతి. చిన్నోడికి నాలుగేళ్లు.

“నిన్న నువ్వు ఏడ్చినవు గద. స్నానాల గదిల” అంది ఆద్య.

అబద్ధం ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. కళ్లల్లో సబ్బు పడిందని. దాని ముఖం చూశాక అది రాలేదు.

“ఒక పాపకు అమ్మ తప్పు రిపోర్టు ఇచ్చింది బిడ్డా. ఆ పాప దవాఖానల ఉన్నది ఇప్పుడు.”

“సచ్చిపోతదా?”

“పోదన్నరు.”

“మరి నిన్ను కొట్టిండ్రా?”

“లేదు. కమలత్త తప్పు అని నేను కాగితం మీద సంతకం వెట్టిన.” కమలత్త వాళ్లకు బాగా తెలుసు. జ్వరమొచ్చినప్పుడల్లా సూది గుచ్చేది, గుచ్చినచోట ఊదేది ఆమే.

“కమలత్త తప్పు జేసిందా?”

“చెయ్యలే. తప్పు నాది. ఇయ్యాల లాబుకు పోయి ఆ మాట చెప్పొస్త. చెప్పినంక ఇగ ఆ ఆఫీసుకు పోను.”

“రోజూ ఇంట్లనే ఉంటవా?” అని చిన్నోడు కుర్చీలో ఎగిరాడు.

“ఉంట.”

ఆద్య ఎగరలేదు. చెంచా పళ్లెంలో పెట్టింది.

“చెప్పకపోతే ఎవ్వరికీ తెల్వదు గదమ్మా?”

“నాకు తెలుసు. ఇప్పుడు నీకు గూడ తెలుసు. నేను చెప్పకుంట వస్తనేమో అన్న భయానికే నీకు చెప్పిన. సాయంత్రం వచ్చినంక అడుగు బిడ్డా, చెప్పినవా అని. మర్చిపోకుంట అడుగు.”